ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టేవారికి: తుపాకీ కంటే ముందు పెల్లెట్ సంగతి

చిన్న క్యాలిబర్ (సన్న గొట్టం) రైఫిల్ మీద మోజు పుట్టిన కుర్రాళ్ళలో చాలామంది ముందు చూసేది అమెరికా వీడియోలే. బెంచీ మీద ఖాళీ ఇత్తడి కేసులు వరసగా పెట్టి, ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ళ) నొక్కి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ కూర్చోబెట్టి తూటాని సొంతంగా తయారుచేసుకుంటారు. అక్కడి గడ్డిమైదానాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్ లాంటి జంతువుల కోసం పాయింట్ 223, పాయింట్ 22-250 రైఫిళ్ళు వాడతారు. పేర్లు వేరైనా రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే, 0.224 అంగుళాలు. అది వాళ్ళ నేల, వాళ్ళ చట్టం.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఇంట్లో కూర్చుని ఆ పని చెయ్యడానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచెయ్యడం నేరం. తూటాలో భాగాలు, వాటిని తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఆ చట్టం దృష్టిలో 'అమ్యునిషన్' కిందకే వస్తాయి. అంటే ప్రైమర్లు, కేసులు, నొక్కే ప్రెస్సు 'ఉత్తినే దగ్గర పెట్టుకున్నాను' అంటే చెల్లదు. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష 7 ఏళ్ళ దగ్గర మొదలై యావజ్జీవం దాకా వెళ్తుంది. కొండవార ఊళ్ళలో నాటు తుపాకీకి మందు దట్టించే అలవాటు ఎవరికైనా ఉంటే వాళ్ళకీ వర్తించేది ఇదే చట్టం. పైగా అక్కడ గొట్టం పగిలితే పోయేది పట్టుకున్నవాడి చెయ్యీ కన్నూ.

అయితే ఆ వీడియోల్లో నేర్చుకోదగ్గ విషయం ఒకటుంది. వాళ్ళు ఇష్టపడి చేసేది మందు కూరడం కాదు, ఒక తూటా అచ్చం ఇంకో తూటాలా ఉండేలా చూసుకోవడం. ఆ శ్రద్ధకి లైసెన్సు అక్కర్లేదు. 4.5 మి.మీ. (0.177 అంగుళాల) ఎయిర్ రైఫిల్‌తో, డబ్బాకి 500 చొప్పున దొరికే సీసం పెల్లెట్లతో, మన సావిడిలోనే అంతకంత శ్రద్ధా పెట్టొచ్చు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ జరిగేది ఈ పెల్లెట్‌తోనే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చింది ఈ ఈవెంట్‌లోనే.

20 జౌల్స్ గీత

2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మి.మీ. దాటకుండా, గొట్టం మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, కానీ దుకాణంలో చాలామంది అడిగేది 'స్పీడెంత?' అని. లెక్క తేలికే: పెల్లెట్ బరువుని కిలోల్లోకి మార్చి, సెకనుకి మీటర్లలో ఉన్న వేగంతో రెండుసార్లు గుణించి, సగం చెయ్యాలి. పోటీ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ని సెకనుకి దాదాపు 170 మీటర్ల వేగంతో వదులుతుంది. శక్తి 7.7 జౌల్స్ వస్తుంది, గీతకి ఎంతో కింద. పెట్టె మీద 'సెకనుకి 1000 అడుగులు' అని వేసిన స్ప్రింగ్ గన్ (స్ప్రింగు బలంతో గాలిని తోసే రైఫిల్) 0.45 గ్రాముల పెల్లెట్‌ని నిజంగానే ఆ వేగంతో కొడితే 20.9 జౌల్స్ వస్తుంది. అప్పుడది గీత దాటినట్టే. అందుకని శక్తి ఎంతో జౌల్స్‌లో రాసిన కాగితం అడగండి. బిల్లుతో పాటు దాన్ని దాచుకోండి. రైఫిల్‌ని బయటికి తీసుకెళ్ళేటప్పుడు మూసిన సంచిలో, ఖాళీగా, బిల్లు నకలుతో తీసుకెళ్ళండి. దూరం నుంచి చూసేవాళ్ళకి అది గాలి తుపాకీయో అసలు తుపాకీయో తెలీదు.

వేగం ఎక్కువైతే గురి బాగుంటుందనుకోవడం పొరపాటు. పెల్లెట్ ఆకారం నడుము సన్నమై వెనక గంటలా విచ్చుకున్న ఆకారం. ధ్వని వేగానికి దగ్గరపడితే అది గాలిలో ఊగిపోతుంది. 10 మీటర్ల దూరానికి సెకనుకి 170 మీటర్ల వేగం చాలు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ రైఫిల్ పిట్టల కోసం కాదు, ఉడతల కోసం కాదు, పంటలో పడే అడవిపందుల కోసం అంతకన్నా కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, గాయపరచడం, చంపే ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. ఏడెనిమిది జౌల్స్ పెల్లెట్ పందిని ఆపలేదు, పుండు మాత్రం చేస్తుంది. ఆ పుండు చీము పట్టి అది రోజుల తరబడి బాధపడుతుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లు, రంగుకొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటే ఆ ఊరివాళ్ళు కాపాడుకుంటూ వచ్చారు. తేలుకుంచిలోనూ కొంగలకి అదే ఆశ్రయం. అలాంటి జిల్లాలో గాలి తుపాకీ కాగితం టార్గెట్ దగ్గరే ఆగాలి.

ఏ రైఫిల్

మొదలుపెట్టేవారికి రెండు దారులున్నాయి. గొట్టం విరిచి, అంటే కీలు దగ్గర మడిచి, స్ప్రింగ్ బిగించేది ఒకటి. సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే పీసీపీ ఇంకోటి.

స్ప్రింగ్ గన్ చవక, పంపు అక్కర్లేదు. కానీ గురి నేర్చుకోవడానికి కష్టమైనది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకి దూకుతుంది, రైఫిల్ వెనక్కి, మళ్ళీ ముందుకి కదులుతుంది. పెల్లెట్ గొట్టం దాటేలోపే ఈ కుదుపు మొదలవుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కో తీరుగా కుదుపుతుంది. అందుకే దీన్ని అరచేతిలో ఊరికే ఆనించి, ప్రతిసారీ అదే చోట, అదే తేలికతో పట్టుకోవాలి. మామూలు స్కోపు (గురి చూసే దుర్బిణి) పెడితే ఈ రెండు వైపుల కుదుపుకి లోపలి అద్దాలు వదులైపోతాయి. ఎయిర్ రైఫిల్‌కి తగినదని రాసి ఉన్న స్కోపే కొనాలి.

స్ప్రింగ్ గన్‌లో మూడు తప్పులు చేతికీ తుపాకీకీ హాని చేస్తాయి. పెల్లెట్ లేకుండా ఖాళీగా కొట్టొద్దు. ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుని సీలు పగులుతుంది. గొట్టం విరిచి పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేత్తో గొట్టాన్ని పట్టుకునే ఉండండి. ట్రిగ్గర్ జారితే గొట్టం విసురుగా లేచి వేళ్ళు నలుగుతాయి, కీలు వంగుతుంది. మూడోది నూనె. 'బాగా నడవాలి' అని కంప్రెషన్ గదిలోకి కుట్టుమిషన్ నూనె చుక్కలు వేస్తారు. ఒత్తిడికి వేడెక్కి ఆ నూనె అంటుకుని డీజిల్ ఇంజన్‌లా పేలుతుంది. పొగ, పెద్ద చప్పుడు, ఒక్కో గుండుకి ఒక్కో వేగం. స్ప్రింగు, సీలు త్వరగా పాడవుతాయి.

పోటీ వైపు వెళ్దామనుకుంటే పీసీపీ కొనండి. కుదుపు దాదాపు ఉండదు, ఖాళీగా కొట్టి సాధన చేసుకునే ఏర్పాటు ఉంటుంది. పోటీ రైఫిళ్ళలో సిలిండర్‌ని 200 బార్ ఒత్తిడి దాకా నింపుతారు. సెకండ్ హ్యాండ్ పోటీ రైఫిల్ కొనేవారు అన్నిటికంటే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడండి. పోటీ రైఫిళ్ళ తయారీదారులు సిలిండర్‌కి ఇచ్చే ఆయుష్షు 10 ఏళ్ళు. రైఫిల్ ఎంత నిగనిగలాడుతున్నా, తేదీ దాటిన సిలిండర్‌లో గాలి నింపకూడదు. కొత్త సిలిండర్ ఖర్చు కలుపుకుని బేరమాడండి.

చేతిపంపుతో నింపేవారికి మన కోస్తా గాలితో ఒక చిక్కుంది. కళింగపట్నం, భావనపాడు వైపు గాలిలో తేమెక్కువ. పంపు ఆ తేమని కూడా నొక్కి సిలిండర్‌లోకి తోస్తుంది, లోపల తుప్పు మొదలవుతుంది. తేమ పీల్చే గింజల ఫిల్టర్ ఉన్న పంపు కొని, గింజల రంగు మారగానే మార్చండి. ఒక్క ఊపున నింపకుండా మధ్యమధ్యలో ఆగి పంపు చల్లారనివ్వండి, అందులోని నీటిని వదలండి.

అసలు పని పెల్లెట్ దగ్గర

కాగితం మీద గుండ్రంగా కోసినట్టు బెజ్జం పడాలంటే బల్లపరుపు తల ఉన్న వాడ్‌కట్టర్ పెల్లెట్ కావాలి. మొన తేలినవి, గుండ్రటి తలవి కాగితాన్ని చింపుతాయి, పాయింటు లెక్కపెట్టడం కష్టం. రైఫిల్‌కి 0.53 గ్రాములు (8.2 గ్రెయిన్లు) మామూలు బరువు. 0.45 గ్రాములవి ఎక్కువగా పిస్టల్‌కి వాడతారు. ఆర్‌డబ్ల్యుఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ లాంటివి పోటీల్లో నలిగిన పేర్లు.

మంచి పోటీ పెల్లెట్ డబ్బా మీద తల వ్యాసం రాసి ఉంటుంది: 4.48, 4.49, 4.50, 4.51, 4.52. తేడా మిల్లీమీటర్‌లో నూరో వంతు. అంత చిన్న తేడా గురిలో కనిపిస్తుందా అంటే కనిపిస్తుంది. తల గొట్టంలోని గాడుల్ని సరిగ్గా పట్టుకోకపోతే తిరుగుడు ఒక్కో పెల్లెట్‌కి ఒక్కోలా ఉంటుంది. మరీ బిగుతైతే సీసం నలిగి ఆకారం చెడుతుంది. 'మా స్నేహితుడి రైఫిల్‌కి 4.50 బాగుంది' అన్న మాట మీ గొట్టానికి పనికిరాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ గొట్టాలు కూడా వేర్వేరు సైజులు కోరుకుంటాయి.

పరీక్ష ఇలా చెయ్యండి. మేజా మీద రెండు ఇసుక సంచులు వెయ్యండి. నెల్లిమర్ల జనపనార మిల్లుల ప్రాంతంలో గోనె గుడ్డకి కొదవ లేదు. నాగావళి ఇసుక కడిగి, బాగా ఎండబెట్టి, సంచిలో ముప్పాతిక వంతే నింపితే రైఫిల్ అందులో కుదురుకుంటుంది. నిండా నింపిన సంచి రాయిలా ఉండి రైఫిల్‌ని ఎగరేస్తుంది. 10 మీటర్ల దగ్గర టార్గెట్ పెట్టండి. ఒక సైజు పెల్లెట్‌తో ముందు పది గుళ్ళు లెక్కలోకి తీసుకోకుండా కొట్టండి, ఎందుకంటే పాత పెల్లెట్ సీసం పొర పోయి కొత్తది కుదురుకోవాలి. ఆ తర్వాత అయిదేసి గుళ్ళ చొప్పున మూడు గుంపులు కొట్టండి. తర్వాత ఇంకో సైజు, మళ్ళీ అదే తీరు. గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి 4.5 మి.మీ. తీసేస్తే కేంద్రం నుంచి కేంద్రానికి దూరం వస్తుంది. బయటి కొలత 6 మి.మీ. లోపు ఉంటే ఆ పెల్లెట్, ఆ గొట్టం ఒకరికొకరు నచ్చినట్టే. ఒక్క గుంపు చూసి తీర్పు చెప్పొద్దు. మూడింటిలోనూ బాగున్నదే బాగున్నట్టు.

సైజు తేలాక అదే సైజు, అదే బ్యాచ్ నంబర్ డబ్బాలు వీలైనన్ని ఒక్కసారే కొనండి. బ్యాచ్ మారితే పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక ఏరడం. చాలామంది నేరుగా తూకం దగ్గరికి పరిగెడతారు. ముందు చెయ్యాల్సింది కంటి పని. పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి పెల్లెట్లు మెల్లగా వంపి, వెనక గంట అంచు గుండ్రంగా ఉందో లేదో ఒక్కొక్కటీ చూడండి. ఆ అంచే గాలిని ఆపేది. చిన్న నొక్కు ఉన్నా గాలి ఒక పక్కనుంచి జారి పెల్లెట్ గొట్టం మూతి దగ్గర తన్నుకుంటుంది. డబ్బా కింద పడేసినా, జేబులో వేసుకుని తిరిగినా మంచి పెల్లెట్లు ఇలాగే పాడవుతాయి. నొక్కు ఉన్నవి పారెయ్యక్కర్లేదు, నిలబడే తీరు సాధన చేసేటప్పుడు వాడుకోవచ్చు.

తూకం దాని తర్వాతే, అదీ అవసరమైతేనే. కారణం లెక్కలో ఉంది. 170 మీటర్ల వేగంతో పెల్లెట్ 10 మీటర్లు చేరడానికి 0.06 సెకన్లు పడుతుంది, ఆలోపు 17 మి.మీ. కిందికి జారుతుంది. ఒక పెల్లెట్ 10 మిల్లీగ్రాములు, అంటే రెండు శాతం, బరువెక్కువ ఉందనుకోండి. శక్తి అదే కాబట్టి వేగం తగ్గి, జారుడు కూడా రెండు శాతం పెరుగుతుంది. అంటే మూడో వంతు మిల్లీమీటర్. అదే 25 మీటర్లకైతే తేడా 2 మి.మీ. దాటుతుంది. కాబట్టి 10 మీటర్ల వాళ్ళు రాత్రంతా తూస్తూ కూర్చోవడం కంటే ఆ సమయం నిలబడే సాధనకి పెట్టడం మేలు. తూచేవాళ్ళకి కనీసం మిల్లీగ్రాము దాకా, అంటే 0.001 గ్రాము దాకా చూపే కాటా కావాలి. 0.01 గ్రాము దాకా మాత్రమే చూపే కాటాతో పెద్దగా ఏమీ తేలదు. డబ్బాలో దాదాపు అన్నీ అందులో 0.53 అనే కనిపిస్తాయి.

పెల్లెట్‌ని గొట్టంలో పెట్టేటప్పుడు బొటనవేలితో సమంగా నొక్కాలి, అంచు గొట్టం ముఖానికి సమానంగా ఆగాలి. గోటితో ఒక పక్క నొక్కితే ఇంతసేపూ ఏరిన పని వృథా. పీసీపీలో మాటల్లో పడి రెండోసారి బోల్టు లాగి రెండో పెల్లెట్ పెట్టడం కొత్తవాళ్ళకి మామూలే. గుండు తగలాల్సిన చోట తగలక, చప్పుడు మొద్దుగా వస్తే ఆగి చూసుకోండి. గొట్టంలో ఇరుక్కుంటే, గాలి పూర్తిగా వదిలాక, ప్లాస్టిక్ పూత ఉన్న కడ్డీతో తియ్యాలి. ఇనుప చువ్వ తోస్తే గాడులు గీరుకుపోతాయి.

ఇంట్లో 10 మీటర్లు

మన వైపు వరస పెంకుటిళ్ళలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే గీతలో ఉంటాయి కాబట్టి 10 మీటర్లు దొరకడం కష్టం కాదు. కష్టమేమిటంటే ఆ గీత మధ్యలోనే ఇంట్లోవాళ్ళు నడుస్తారు. గుండు వెళ్ళే దారిలోకి తెరుచుకునే ప్రతి తలుపూ లోపలినుంచి గడియ పెట్టే వీలుండాలి. లేకపోతే ఆ చోటు వద్దు. టార్గెట్ కేంద్రం నేలనుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. దాని మీద పది గుర్తు అర మిల్లీమీటర్ చుక్క, తొమ్మిది వలయం వ్యాసం 5.5 మి.మీ.

టార్గెట్ వెనక 3 మి.మీ. ఉక్కు రేకుని పైభాగం మీ వైపు వాలేలా 45 డిగ్రీలు వంచి పెట్టెలో బిగిస్తే పెల్లెట్ నలిగి అడుగున పడుతుంది. రేకు నిలువుగా పెడితే సీసం ముక్కలు వెనక్కి చిమ్ముతాయి. రేకు పెట్టె లేనప్పుడు పాత చీరలు గట్టిగా కుక్కిన చెక్కపెట్టె నడుస్తుంది, కానీ ఒకేచోట తగిలి తగిలి దారి పడుతుంది, వారానికోసారి విప్పి చూడాలి. ఏది వాడినా దాని వెనక ఇటుక గోడ తప్పనిసరి. పెరట్లో కొబ్బరిచెట్టుకో జీడిచెట్టుకో కాగితం తగిలించి కొట్టొద్దు. గట్టి మాను మీదనుంచి పెల్లెట్ ఎటు తిరుగుతుందో చెప్పలేం, గురి తప్పినది చాలా దూరం పోతుంది. కళ్ళద్దాలు కొట్టేవాళ్ళకే కాదు, పక్కన నిలబడ్డవాళ్ళకీ ఉండాలి.

మన జిల్లాల్లో ఆట అంటే బలం. కొండవెలగాడ బరువులెత్తే ఊరు, ఊసవానిపేట నుంచి సిడ్నీ దాకా వెళ్ళి 2000లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆట బరువులెత్తడం. రైఫిల్ దగ్గర ఆ అలవాటు తలకిందులు చెయ్యాలి. కండ ఎంత పనిచేస్తే అంత వణుకు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి, బరువు ఎముకల మీదుగా నేలకి దిగాలి. నిలబడ్డాక కళ్ళు మూసుకుని రెండు శ్వాసలు తీసి తెరవండి. గురి పక్కకి పోయి ఉంటే చేతుల్తో లాగొద్దు, పాదాలు జరపండి. చేత్తో లాగిన గురి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో తన చోటికి తాను వెళ్ళిపోతుంది. ఊపిరి సగం వదిలి ఆపాక ఆరేడు సెకన్లలో గుండు పోవాలి. పోకపోతే దించేసి మళ్ళీ మొదలుపెట్టాలి. పట్టుదలగా పది, పన్నెండు సెకన్లు పట్టుకుంటే కంటికి చుక్క మసకబారుతుంది, మనసు 'ఇప్పుడే' అని తొందరపెడుతుంది. గుండు పోయాక కూడా ఒక సెకను అలాగే గురి చూస్తూ ఉండండి. రోజుకి 40 గుళ్ళు ఇలా కొడితే చాలు. పోటీలో 60 గుళ్ళకి ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద ఇచ్చేది 75 నిమిషాలు, అంటే తొందర లేదు.

సైట్ సరిచేసేటప్పుడు ఒక్క గుండు చూసి క్లిక్ తిప్పొద్దు. అయిదు కొట్టి గుంపు మధ్యన ఎక్కడుందో చూసి తిప్పండి. పావు నిమిషం (ఇక్కడ నిమిషం అంటే కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్ ఉన్న స్కోపు 10 మీటర్లకి క్లిక్‌కి 0.7 మి.మీ. మాత్రమే జరుపుతుంది. సెంటీమీటర్ జరగాలంటే దాదాపు 14 క్లిక్కులు. స్కోపు డబ్బా మీద రాసిన '100 గజాలకి' అన్న లెక్క ఇక్కడ వాడి చాలామంది తికమకపడతారు. పోటీకైతే స్కోపు కుదరదు, సన్న బెజ్జంలోంచి చూసే, భూతద్దం లేని పీప్ సైటే.

చివరికి సీసం. పెల్లెట్లు నోట్లో పెట్టుకోవడం, కొడుతూ పకోడీ తినడం రెండూ మానాలి. అయ్యాక చేతులు సబ్బుతో కడిగి అప్పుడు పిల్లల్ని ఎత్తుకోండి. టార్గెట్ పెట్టె దగ్గర చీపురు వేస్తే సీసం ధూళి గాలిలోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. నలిగిన పెల్లెట్లు మూత ఉన్న డబ్బాలో పోగెయ్యండి, గెడ్డలోనో చెరువులోనో పడేస్తే ఆ సీసం అక్కడే ఉండిపోతుంది. ఉప్పుగాలి ఊళ్ళలో రైఫిల్‌ని ఫోమ్ పరిచిన పెట్టెలో నెలల తరబడి మూసి ఉంచితే తేమ పట్టి తుప్పు చుక్కలు లేస్తాయి. చెమట చేతి ముద్రలు తుడిచి, పలచగా నూనె రాసిన గుడ్డతో గొట్టం బయట తుడిచి, తాళం వేసిన బీరువాలో నిలువుగా పెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో వారానికి రెండుసార్లు తీసి చూడండి.